చేపలు మోసిన పాత పికప్: ముందు ఉప్పు, తర్వాతే ఇంజన్

పాత పికప్ కొనగానే అందరూ ముందు బానెట్ ఎత్తుతారు. ఇంజన్ అందుకుంటే చాలు, బండి బాగుందనేస్తారు. విశాఖలో ఆ లెక్క చెల్లదు. ఇంజన్ పాడైతే గాజువాక ఆటోనగర్‌లో విప్పి బిగించేవాళ్లకు కొదవ లేదు. ఛాసిస్‌ను, అంటే బండి బరువు మోసే అడుగు చట్రాన్ని, తుప్పు తినేస్తే మాత్రం బండి తూకానికి పోవాల్సిందే. షిప్‌యార్డులో ఓడలకు రంగులు వేసే పనిలో ఉండి రిటైరైనవాణ్ణి కాబట్టి నా చూపు మొదట బండి కిందికే పోతుంది.

ఇంటి వెనక రేకుల షెడ్డులో నేను బాగుచేసుకున్నది టాటామొబైల్ 206, ఏపీ 31 నంబరుది. టాటావాళ్లు ఈ మోడల్‌ను 1988లో తెచ్చారు. 1948 సీసీ డీజిల్ ఇంజన్, వెనక కమాన్ పట్టీలు (లీఫ్ స్ప్రింగులు), సెన్సార్ల గొడవ లేని బండి. ఇంట్లో పని నేర్చుకునేవాడికి ఇంతకంటే ఏం కావాలి? కాకపోతే నా చేతికి రాకముందు ఇది ఫిషింగ్ హార్బర్ నుంచి ఐసు చేపలు మోసింది. ఐసు కరిగిన ఉప్పునీళ్లన్నీ వెనక బాడీ సందుల్లోంచి కారి ఛాసిస్ మీదే ఆరాయి.

కొనేముందు చిన్న సుత్తి, పాత స్క్రూడ్రైవర్ పట్టుకుని కింద దూరండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది డొల్లగా పలుకుతుంది. వెనక కమాన్లను ఛాసిస్‌కి తగిలించే షాకిళ్లు, బాడీ కింద అడ్డంగా పోయే బీములు, క్యాబిన్ బోల్టులు కూర్చునే చోట్లు, కాలి మ్యాటు కింద ఫ్లోరు, డోర్ల కింది అంచులు తట్టి చూడాలి. ఫ్లోరుకి చిల్లులుంటే బెంగ లేదు, రేకు అతకొచ్చు. కమాన్ బ్రాకెట్ల దగ్గరో స్టీరింగ్ బాక్స్ దగ్గరో ఛాసిస్‌లోకే స్క్రూడ్రైవర్ దిగిందంటే బేరం ఆపేయండి. ఎంత చవకగా వచ్చినా ఆ బండి వద్దు.

మొదటి పని కడగడం. మా పక్కింటి మెకానిక్ కుర్రాడు "ఏటి బాబాయ్, ఇంజన్ తియ్యకుండా స్నానం చేయిస్తన్నావు" అని నవ్వాడు. నవ్వనీండి. ఇనుము మీద ఉప్పు మిగిలుండగా పైన ఎంత ఖరీదైన రంగు వేసినా, ఆ ఉప్పు రంగు పొరలోంచి తేమను లాక్కుంటుంది. కొన్ని నెలలకు బొబ్బలు లేస్తాయి, బొబ్బ కింద మళ్లీ తుప్పు. ఓడ అడుగుకి రంగు వేసేముందు ఉప్పు ఎంత మిగిలిందో పరీక్ష చేసేది అందుకే. ఇంట్లో ఆ పరీక్ష కుదరదు గనక ధారాళంగా కడగాలి. ప్రెషర్ వాషర్‌తో ఛాసిస్ లోపలి వైపు, కమాన్ ఆకుల మధ్య, చక్రాల మడ్‌గార్డుల పైఅంచుల్లో కొట్టండి. తీరానికి దగ్గరి ఇళ్లలో బోరునీళ్లు ఉప్పగా ఉండొచ్చు, జీవీఎంసీ (నగర కార్పొరేషన్) కుళాయి నీళ్లే వాడండి. ఆరనిచ్చి, గీకాక మళ్లీ కడగాలి. తుప్పు గుంటల్లో దాగిన ఉప్పు గీకితేగాని బయటపడదు.

కింద పని చేసేటప్పుడు జాకీని నమ్మి దూరొద్దు. గట్టి నేల మీద నిలిపి, ఎత్తని చక్రాలకు అడ్డు పెట్టి, ఛాసిస్ కింద స్టాండ్లు వేసి, ఒకసారి గట్టిగా ఊపి చూశాకే దూరండి. స్టాండ్లకు బదులు ఇటుకలు, హాలో బ్లాకులు పెట్టే అలవాటు మనవాళ్లలో ఉంది. అవి చెప్పకుండా పగులుతాయి.

గ్రైండర్‌కి వైర్ కప్ బ్రష్ తగిలిస్తే తుప్పు త్వరగా పోతుంది, కానీ ఇనుము అద్దంలా నున్నబడుతుంది. నునుపు మీద ప్రైమర్, అంటే రంగుకి ముందు వేసే పూత, పట్టదు. వెనకే 80 నంబరు ఎమరీతో గరుకు చేయాలి. ఛాసిస్ నంబరు కొట్టిన చోట మాత్రం గ్రైండర్ పెట్టొద్దు, చేత్తో మెల్లగా బ్రష్ చేసి పల్చగా రంగు వేస్తే చాలు. ఆర్టీవో ఆఫీసులో ఆ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో అచ్చు తీస్తారు. అంకెలు అరిగితే మీరే దొంగబండి యజమాని అనిపించుకుంటారు.

కుళ్లిన రేకును మెరిసే ఇనుము వచ్చేదాకా కోసేసి కొత్తది అతకాలి. తుప్పు మీద తుప్పును వెల్డ్ చేస్తే నిలవదు. క్యాబిన్ ఫ్లోరుకి 18 గేజ్, వెనక బాడీకి 14 గేజ్ సరిపోతుంది. డోర్ల దగ్గర పల్చటి రేకుకి మిగ్ వెల్డింగ్ (గన్‌లోంచి సన్నటి తీగ వస్తూ అతికే పద్ధతి) తెలిసినవాణ్ణి పిలిపించండి, మామూలు రాడ్డుతో చిల్లులు పడతాయి. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగలు, డీజిల్ ట్యాంకు విప్పి దూరంగా పెట్టండి. పక్కన బకెట్ ఇసుక ఉండాలి. ఛాసిస్ మీద వెల్డింగ్ మీరు నేర్చుకునే చోటు కాదు, చేయి తిరిగినవాడికి ఇవ్వండి.

రెడ్ ఆక్సైడ్ అనే ఎర్ర ప్రైమర్ చవకే, గేటుకి బాగుంటుంది. సముద్రపు గాలిలో తిరిగే ఛాసిస్‌కి రెండు డబ్బాల సరుకు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమరే వేయండి. పుట్టీ నీళ్లు పీల్చే సరుకు, అందుకే ఎపాక్సీ మీదే పెట్టాలి, వట్టి ఇనుము మీద కాదు. తుప్పును నల్లగా మార్చే యాసిడ్ ద్రావణం వాడితే, డబ్బా మీద చెప్పినట్టు దాని మిగులు తీసేశాకే ప్రైమర్. రంగుకి గాలిలో తేమ 85 శాతం దాటకూడదు, ఇనుము వేడి, గాలిలో తేమ మంచుబొట్లుగా పట్టే వేడికంటే (డ్యూ పాయింట్) 3 డిగ్రీలైనా ఎక్కువుండాలి. అంటే మన ఊళ్లో పొద్దున్నే మొదలుపెట్టకుండా, ఎండ కాసి ఇనుము తాకితే గోరువెచ్చగా అనిపించాక మొదలుపెట్టి, పొద్దు వాలకముందే ఆపేయాలి. జనవరి, ఫిబ్రవరి మంచి నెలలు. అక్టోబరు, నవంబరుల్లో బండి విప్పుకుని కూర్చోవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఎన్ని షెడ్ల రేకులు లేపుకుపోయిందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు.

పైరంగు ఆరాక ఛాసిస్ లోపలి గొట్టాల్లో, డోర్ల అడుగున రస్ట్ ప్రూఫ్ వ్యాక్స్ కొట్టించండి. కాలిన ఇంజన్ ఆయిల్ పూస్తామంటారు, ఒప్పుకోవద్దు. అది బుష్‌ల రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది, రోడ్డు మీద కారుతుంది. డోర్ల కింది నీటి రంధ్రాలు రంగుతో పూడిపోకుండా సన్నటి తీగతో తీసుకోవాలి.

ఇప్పుడు ఇంజన్. చాలాకాలం నిలిపిన బండికి నేరుగా సెల్ఫ్ కొట్టకండి. ట్యాంకులోని పాత డీజిల్ దించి, అడుగున నీళ్లు, మడ్డి ఉంటే కడిగి, డీజిల్ ఫిల్టర్, ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి ముందు పుల్లీ బోల్టుకి స్పానర్ వేసి చేత్తో తిప్పితే తిరగాలి, బిగుసుకుంటే బలవంతం చేయొద్దు. చేతి పంపుతో డీజిల్ పైపుల్లోని గాలి తీసి, హీటర్ ప్లగ్గులు టెస్ట్ ల్యాంపుతో చూసుకుని అప్పుడు సెల్ఫ్ కొట్టండి. వేడెక్కాక కూడా నీలిపొగ ఆగకపోతే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. బరువు లాగేటప్పుడు నల్లపొగ దట్టంగా వస్తే ముందు ఎయిర్ ఫిల్టర్ చూసి, ఆ తర్వాతే డీజిల్ పంపు, ఇంజెక్టర్లు క్యాలిబ్రేషన్ షాపుకి ఇవ్వండి. నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే పొగ గట్టిగా తన్నుకొస్తే పిస్టన్ రింగుల పని ఉంది, అది ఇంటి పని కాదు.

బ్రేకుల్లో పొదుపు వద్దు. రబ్బరు హోసులన్నీ కొత్తవి, తుప్పు పట్టిన ఇనుప పైపులు కొత్తవి. ఏసీ రాగి గొట్టం వంచి బిగించేవాళ్లున్నారు, అదురుకి అది చిట్లుతుంది, వద్దనండి. బ్రేక్ ఆయిల్ పూర్తిగా మార్చి, మాస్టర్ సిలిండర్‌కు (పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే భాగం) దూరపు చక్రం నుంచి దగ్గరి చక్రానికి వరుసగా గాలి తీయాలి.

లైట్లు మసకగా ఉంటే హెడ్‌లైట్లు మార్చే ముందు ఎర్తు తీగలు చూడండి. ఉప్పుగాలికి రాగి పచ్చగా పూస్తుంది. విప్పి, ఎమరీతో రుద్ది, బిగించి, పైన వ్యాజలైన్ రాయండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ మైనస్‌కి, ఇంజన్ బాడీకి మధ్య మల్టీమీటర్ అర వోల్టు చూపిస్తే ఆ తీగలో లోపముంది. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14 వోల్టుల చుట్టుపక్కల ఉండాలి.

ఇక కాగితాలు. సొంత వాడకం బండైతే 15 ఏళ్లకు రిజిస్ట్రేషన్ ముగుస్తుంది, పరీక్ష చేయించుకుంటే మరో 5 ఏళ్లు ఇస్తారు. పసుపు బోర్డు బండికి 8 ఏళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ తప్పదు. హారన్, వైపర్లు, ఇండికేటర్లు, రిఫ్లెక్టర్ టేపు ముందురోజే సరిచూసుకోండి. ఆర్సీలో ఉన్న రంగు కాక వేరే రంగు వేయాలనుంటే పెయింటర్ దగ్గరికి వెళ్లకముందే ఆర్టీవో ఆఫీసులో అడిగి దరఖాస్తు పెట్టుకోండి.