మరవ పారే రోజుల్లో ఈటె పట్టేవాళ్లకు జాగ్రత్తలు

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనాల వానలకే మన తిరుపతి, చిత్తూరు చెరువులు నిండేది. మరవ (చెరువు నిండాక నీళ్లు పొర్లే అలుగు) పారిందంటే చాలు, ఎదురెక్కే చేపల కోసం కుర్రాళ్లు ఈటెలు పట్టుకుని బయలుదేరతారు. వద్దంటే ఆగరు. అందుకే ఈ నాలుగు మాటలు.

అన్నిటికంటే ముందు లోతు సంగతి. నిటారుగా పైనుంచి చూస్తే నాలుగడుగుల నీళ్లు మూడడుగుల్లా కనిపిస్తాయి. గట్టు మీద నుంచి ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువ అనిపిస్తుంది. నీళ్లలోంచి గాలిలోకి వచ్చే వెలుతురు వంగడమే దీనికి కారణం. చేప కూడా ఉన్నచోటి కంటే పైన కనబడుతుంది కాబట్టి అలవాటున్నవాళ్లు దాని కిందికి గురిపెడతారు. గురి దగ్గర ఇంత జాగ్రత్తపడేవాళ్లే కాలు పెట్టేటప్పుడు ఆ సంగతి మరిచిపోతారు. స్వర్ణముఖి నదిలో ఇసుక తోడిన గుంతలున్నచోట ఒక అడుగు మోకాటి లోతైతే, పక్క అడుగు నిలువులోతు. కొత్తనీళ్లు ఎర్రగా ఉంటే గుంత అసలు కనబడదు. ఈటెను తిరగేసి కర్ర చివరతో తడమండి, గట్టి నేల తగిలాకే కాలు మోపండి. ఈత రానివాళ్లు దయచేసి దిగొద్దు.

మరవ రాళ్ల మీద పాచి ఉంటుంది. పారే నీళ్లు మోకాటి లోతున్నా మనిషిని పడేస్తాయి. నీళ్ల రంగు మారినా, చెత్త కొట్టుకొచ్చినా, హోరు పెరిగినా పైన వాన పడిందని అర్థం. చేతికందే చేపనైనా వదిలేసి గట్టెక్కండి. 2021 నవంబరులో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట లీకై కింది ఊళ్లను ఖాళీ చేయించారు. కట్ట కింద నీళ్లు ఊరుతున్నచోట నిలబడనే కూడదు.

ఈటె మొనలకు మందపాటి రబ్బరు పైపు ముక్క తొడగకుండా బైకెక్కొద్దు. ఈటెకు కట్టిన తాడును చేతికి చుట్టుకోవద్దు. కొక్కెం ఉన్న మొన ఒంట్లో దిగితే లాగకండి, లోపల కండ చీలిపోతుంది. కదలకుండా గుడ్డతో కట్టి 108కి ఫోన్ చేయండి. ఇనుప గొట్టం ఈటెతో కరెంటు తీగల కింద, పంపుసెట్ల వైర్ల దగ్గర తిరగొద్దు. ఉరుము వినబడితే ఇంటికి రావడమే. సర్కారు తుమ్మ ముళ్లకు రబ్బరు చెప్పులు ఆగవు, బూట్లు వేసుకోండి.

జెల్ల చేపను వట్టి చేత్తో పట్టుకోవద్దు. రెక్కల దగ్గరి ముల్లు నిటారుగా బిగుసుకుంటుంది, చచ్చిన చేపదైనా గుచ్చుకుంటుంది. పులికాట్ సరస్సు వైపు బురదలో టేకు చేపలు (తోకకు విషపు ముల్లుండే చదునైన చేపలు) ఉంటాయి. అడుగెత్తి వేయకుండా పాదాలు ఈడుస్తూ నడిస్తే అవి తప్పుకుంటాయి. తోకముల్లు దిగితే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో కాలు పెట్టి, ఆసుపత్రికి వెళ్లండి. పడవలో ఒకరే నిలబడాలి, లైఫ్ జాకెట్ తప్పనిసరి. పక్షుల అభయారణ్యం హద్దుల్లోకి ఈటెతో వెళ్లొద్దు.

నీటి పైన చిన్న చిన్న ఎర్రటి పిల్లల గుంపు కదులుతుంటే కింద పెద్ద కొర్రమీను కాపలా ఉన్నట్టే. దాన్ని పొడిస్తే పిల్లలన్నీ మిగతా చేపల పాలవుతాయి, వదిలేయండి. చెరువులో చేపల వేలంపాట ఎవరు పాడుకున్నారో కనుక్కుని, వాళ్లు సరేనంటేనే దిగండి.