బ్లాకులు పీకేసి అసలైన కమాన్లు: పాత చెరోకీకి వారాంతం పని

నా 1998 జీప్ చెరోకీ కొన్నప్పుడే వెనక ఇరుసు మీద 3 అంగుళాల బ్లాకులున్నాయి. అంతకుముందు నడిపినాయన ముందువైపు పొడుగు కాయిల్ స్ప్రింగులు వేసుకుని, వెనక్కి వచ్చేసరికి డబ్బులైపోయాయో ఓపికైపోయిందో గానీ, వాలిపోయిన పాత కమాన్ల (పట్టీలు పేర్చి కట్టిన లీఫ్ స్ప్రింగులు) కింద రెండు ఇనప ముక్కలు దూర్చి ఎత్తు సరిపెట్టేశాడు. నిలబెట్టి చూస్తే బండి బానే ఉంటుంది. రాళ్ల మీద ఎక్కిస్తూ గ్యాస్ తొక్కితే మాత్రం వెనకనుంచి దబదబా కొట్టుకునేది.

చెరోకీలో కమాను ఇరుసు పైన కూర్చుంటుంది. చక్రం ముందుకు తిరిగేటప్పుడు ఇరుసు దానికి ఎదురు దిక్కున మెలి తిరగబోతుంది, ఆ మెలిని పట్టి ఆపేది కమానే. మధ్యలో బ్లాకు పెట్టామంటే ఆ మెలికి 3 అంగుళాల మీట మనమే చేతికిచ్చినట్టు. కమాను ఎస్ ఆకారంలో వంగుతుంది, టైరు పట్టు జారగానే చటుక్కున వెనక్కి వస్తుంది, మళ్లీ వంగుతుంది, ఆ దెబ్బలన్నీ ఇంజిన్ బలాన్ని ఇరుసుకి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్లు తింటాయి. ఒకదాని మీద ఒకటి బ్లాకులు పేర్చిన బండ్లు కూడా చూశాను. అలాంటిది కొనకండి, కొన్నా ఆ బ్లాకులతో నడపకండి.

విజయవాడ ఆటోనగర్‌లో అయితే పాత కమాను కట్ట పట్టుకెళ్లి చూపిస్తే దానికి తగ్గట్టు పట్టీలు వంచి కట్టిస్తారు. ఇక్కడ న్యూజెర్సీలో నాకు ఆ సుఖం లేదు, రెడీమేడ్ కట్టలు తెప్పించుకోవాల్సిందే. ముందు కాయిల్స్ ఎంత ఎత్తు లేపాయో వెనక కూడా అంతే ఎత్తువి తీసుకోండి. వెనక ఎప్పుడూ సామాను మోస్తారా, ట్రైలర్ లాగుతారా అన్నదాన్ని బట్టి గట్టివా మెత్తనివా అన్నది తేల్చుకోండి. షెవర్లే ఎస్-10 పికప్ పట్టీలు కూడా ఇలాగే రెండున్నర అంగుళాల వెడల్పు కాబట్టి జంక్‌యార్డ్‌లో అవి కొని పాత కట్టలో కలిపేవాళ్లున్నారు. చవకే, కాదనను. కానీ పాతికేళ్లు మోసి అలిసిపోయిన మెయిన్ పట్టీ అక్కడే ఉంటుంది కదా, అందుకని నేను ఆ జోలికి పోలేదు.

కమాన్లతో పాటు కమానుని ఇరుసుకి బిగించే కొత్త యూ బోల్టులు, కమాను వెనక చివరని బాడీకి తగిలించే కొత్త షాకిళ్లు, కమాను చివరల గుండ్రటి కళ్లలోంచి వెళ్లే కంటి బోల్టులు నట్లతో సహా, ఇరుసు మీదికి దిగే బ్రేక్ గొట్టం పొట్టిగా అనిపిస్తే పొడుగుది. పాత యూ బోల్టులు మళ్లీ వాడదామని చూడకండి. ఒకసారి బిగించి సాగినవి అన్నది ఒక కారణం. రెండోది, బ్లాకు తీసేశాక అవి 3 అంగుళాలు పొడుగైపోతాయి, నట్టు మర చివరిదాకా వెళ్లి ఆగిపోతుంది, అది బిగించాల్సిన ప్లేటు మాత్రం ఇంకా లొడలొడలాడుతూనే ఉంటుంది.

ఇక అసలు కథ తుప్పు. చెరోకీకి విడిగా ఫ్రేమ్ లేదు, కమాను ముందు కంటి బోల్టు బాడీ పెట్టె లోపల వెల్డ్ చేసిన నట్టులోకి వెళ్తుంది. చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లే ఊళ్లో ఆ బోల్టు కంట్లో ఉండే రబ్బరు బుష్ లోపలి స్టీల్ గొట్టానికి అతుక్కుపోయి రెండూ ఒకటే ముక్క అయిపోతాయి. పని శనివారం అనుకుంటే ముందు సోమవారం నుంచే రోజూ సాయంత్రం తుప్పులోకి ఇంకే పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టండి, వెనక షాకిల్ బోల్టులకి కూడా. విప్పేటప్పుడు మొదట కొంచెం బిగించే వైపు కదిపి, తర్వాత విప్పే వైపు, అలా అటూ ఇటూ ఆడిస్తూ రండి. తొందరపడి పొడుగు పైపు తగిలించి లాగేయకండి.

నేను లాగాను. టక్ మంది. కదిలింది రా అని సంబరపడ్డా. తీరా చూస్తే బోల్టు గిర్రున తిరుగుతోంది గానీ బయటికి రావట్లేదు, లోపల వెల్డ్ ఊడి నట్టు కూడా దాంతోపాటే తిరుగుతోంది. మా బావమరిది కింద పడుకుని టార్చ్ కొట్టి చూసి, "బావా, ఇవాళ్టికి బిర్యానీ ఆర్డర్ పెట్టెయ్" అన్నాడు. చివరికి వెనక సీటు కింద కార్పెట్ తీసి, నేలకి చిన్న కిటికీ కోసి, అందులోంచి నట్టుని పానాతో పట్టుకోవాల్సొచ్చింది. తర్వాత ఆ కిటికీకి రేకు మూసి సీలెంట్ కొట్టాం. నట్టు గట్టిగానే ఉండి బోల్టు మాత్రం గొట్టానికి అతుక్కుంటే ఇంత గొడవ అక్కర్లేదు, కరెంటు రంపంతో కంటికి రెండు పక్కలా బోల్టుని కోసేయండి. వెనక షాకిళ్ల దగ్గర మంట పెట్టకండి, పెట్రోలు ట్యాంకు పక్కనే ఉంటుంది. షాక్ అబ్జార్బర్ల పై బోల్టులు ముట్టుకుంటే చాలు విరుగుతాయి, కింద చివర విప్పితే సరిపోతుంది.

పని క్రమం ఇలా. విప్పకముందే పినియన్ కోణం, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ తగులుకునే ఇరుసు మూతి ఎంత వాలి ఉందో, కొలిచి రాసుకోండి. ముందు చక్రాలకి అడ్డుకట్టలు వేసి, వెనక కమాను ముందు కంటికి కాస్త ముందుగా బాడీ రైలు కింద జాకీ స్టాండ్లు పెట్టండి, ఇరుసు కింద విడిగా ఫ్లోర్ జాకీ. చక్రాలు తీసి, షాక్ అబ్జార్బర్ల కింద చివరలు విప్పి, ఇరుసుని మెల్లగా దించండి. దించుతూ బ్రేక్ గొట్టం మీద ఒక కన్నేసి ఉంచండి, అది బిగుసుకుంటే అక్కడే ఆపేయాలి. రెండు వైపులా ఒకేసారి విప్పొద్దు, ఒకటి పూర్తయ్యాకే రెండోది, లేకపోతే ఇరుసు తన ఇష్టమొచ్చినట్టు తిరిగిపోతుంది.

బ్లాకు బయటికొచ్చాక ఇరుసు మీద కమాను కూర్చునే గద్దె మధ్యలో రంధ్రం ఉంటుంది, అందులో వేలు పెట్టి తిప్పి చూడండి. బ్లాకు పిన్ను ఆడీ ఆడీ నాది ఒకవైపు కోడిగుడ్డులా సాగింది. బాగా సాగితే వెల్డర్‌కి చూపించాల్సిందే, ఎందుకంటే కొత్త కమాను పట్టీలన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్టు తల సరిగ్గా అందులో కూర్చుంటేనే ఇరుసు తిన్నగా ఉంటుంది. కమాను ఏ చివర ముందుకో అనుమానమొస్తే సెంటర్ బోల్టు నుంచి రెండు కళ్లకీ దూరం కొలిచి పాతదానితో పోల్చుకోండి.

కొత్త బోల్టులకి మళ్లీ అతుక్కుపోకుండా యాంటీ సీజ్ పేస్టు పూసి ముందు కన్ను, తర్వాత షాకిల్ ఎక్కించండి, చేత్తో బిగిస్తే చాలు. జాకీతో ఇరుసు లేపి సెంటర్ బోల్టు రంధ్రంలో పడిందని చూసుకున్నాక యూ బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించండి. ఫ్యాక్టరీ అంకె 52 ఫుట్ పౌండ్లు, అంటే 70 న్యూటన్ మీటర్లు. మీ సెట్‌తో వచ్చిన కాగితంలో వేరే అంకె ఉంటే దాన్నే పట్టుకోండి.

కంటి బోల్టులు మాత్రం బండి చక్రాల మీద నిలబడి బరువు పడ్డాకే ఫైనల్‌గా బిగించాలి. గాల్లో బిగిస్తే రబ్బరు బుష్ ఆ కోణంలోనే పట్టేసుకుంటుంది, నేల మీదికి దించగానే మెలి తిరుగుతుంది, కొన్నాళ్లకి చిరిగిపోతుంది. పైగా బండి ఉండాల్సినదానికన్నా ఎత్తుగా నిలబడుతుంది, చూసి మురిసిపోతాం.

కొన్ని బ్లాకులు ఏటవాలుగా కోసి ఉంటాయి, అలాంటివి తీశాక పినియన్ కోణం మారుతుంది. రెండు చివరలా ఒక్కో జాయింట్ ఉన్న మామూలు షాఫ్ట్ అయితే పినియన్, షాఫ్ట్ ముందు చివర తగులుకునే ట్రాన్స్‌ఫర్ కేస్ (బలాన్ని ముందు వెనక ఇరుసులకి పంచే గేర్ పెట్టె) అవుట్‌పుట్ సమాంతరంగా ఉండాలి. తేడా వస్తే గద్దెకీ కమానుకీ మధ్య స్టీల్ వెడ్జ్ పెట్టండి, అల్యూమినియంవి పగుళ్లిస్తాయి. హైవే మీద వణుకు వస్తే మొదట చూడాల్సింది ఈ కోణమే.

100 మైళ్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించండి. నావి నాలుగూ పావు చుట్టు దాకా తీసుకున్నాయి.