ఫేస్‌బుక్ లేని కుక్కల షెల్టర్‌కి డబ్బులెందుకు రావు? సమస్య - పరిష్కారం

తెనాలి శివార్లో పాత రేకుల షెడ్డు మాది. మనుషులం నలుగురం, కుక్కలు ముప్పయ్యెనిమిది, మూడు కాళ్ల ఆవు ఒకటి. ఫేస్‌బుక్కూ ఇన్‌స్టాగ్రామూ ఒకప్పుడు ఉండేవి. రాత్రి పదింటికి ఫోన్ చూస్తే విజయనగరం నుంచి మెసేజ్: "ఇక్కడ కుక్క పడి ఉంది, వెంటనే రండి." వెళ్లలేకపోతే తిట్లు. లైకులు వేలల్లో, ఖాతాలో 340 రూపాయలు. విసుగొచ్చి రెండూ మూసేశాం.

అప్పట్నుంచి ఊళ్లో తిరిగే అడుగుతున్నాం. మూడేళ్లలో ఎక్కడెక్కడ బోర్లాపడ్డామో, ఎలా లేచామో రాస్తున్నాను. కుక్కకి జ్వరమొస్తే ముందు లక్షణం చూస్తాం, తర్వాత కారణం, ఆ తర్వాతే సూది. ఇక్కడా అదే వరస.

సమస్య: విరాళాల డిబ్బీలు పెట్టాం, చిల్లర కూడా పడటం లేదు

పదకొండు కొట్లలో పెట్టాం. నెలాఖరుకి అన్నీ కలిపి రెండొందలు దాటలేదు.

మొదటి కారణం అందరికీ తెలిసిందే, జేబుల్లో చిల్లర లేదు. నలభై రూపాయల ఇడ్లీకి కూడా ఫోన్‌పేనే. సరేనని డిబ్బీ మీద క్యూఆర్ అంటించాం. అయినా రాలేదు. ఎందుకో తెలియక ఒకరోజు టిఫిన్ సెంటర్లో కూర్చుని గమనించాను. ఒకాయన ఫోన్ తీశాడు, స్కాన్ చేశాడు, తెర చూశాడు, ఫోన్ జేబులో పెట్టేసుకుని వెళ్లిపోయాడు. నేనూ కొట్టి చూశాను. తెర మీద వచ్చింది సంస్థ పేరు కాదు, మా కార్యదర్శి పేరు! ముక్కూ మొహం తెలియని మనిషి సొంత ఖాతాలోకి ఎవరు వేస్తారు?

కాబట్టి ముందు సొసైటీ రిజిస్టర్ చేయించండి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులుంటే చాలు. దాని పేరు మీదే పాన్, బ్యాంకు ఖాతా, ఆ ఖాతాకే క్యూఆర్. ఇది కాకుండా మిగతా ఏ చిట్కా మొదలుపెట్టినా దండగ.

డిబ్బీ ఎక్కడ పెడతామన్నదీ చూసుకోవాలి. మాది సాంబారు బకెట్ పక్కన ఉండేది. కౌంటర్ మీద, డబ్బు చేతులు మారే చోట ఉండాలి. మా లెక్కలో అన్నిటికన్నా మందుల షాపు మేలు. మిఠాయి కొట్టు మీద చాలా ఆశ పెట్టుకున్నాను గానీ అక్కడ మనసంతా కాజా మీదే ఉంటుంది.

ఇక డిబ్బీ తెరవడం. మేం సంచిలో గుమ్మరించుకుని వచ్చేసేవాళ్లం. ఇప్పుడు కొట్టు యజమాని ఎదుటే లెక్కపెట్టి, ఆయన చేతే చీటీ రాయించి డిబ్బీకి అంటిస్తున్నాం: "జూన్ 3. వచ్చింది 1,265. నూకల బస్తా ఒకటి, పురుగుల మాత్రలు." ఆ చీటీ వచ్చాకే డిబ్బీ నిండటం మొదలైంది. క్యూఆర్ మీద ఇంకొకడు తన స్టిక్కర్ అంటించిపోయే మోసం కూడా ఉంది. వెళ్లినప్పుడల్లా ఒక రూపాయి కొట్టి, ఎవరి పేరొస్తుందో చూసుకోండి.

సమస్య: రెండు వేల పాంప్లెట్లు పంచితే ఒక్క ఫోన్ రాలేదు

మా మొదటి పాంప్లెట్ ఇంకా దాచుకున్నాను, సిగ్గుపడటానికి. పైన ఎర్రటి అక్షరాల్లో "మూగజీవాలను కాపాడండి", మధ్యలో రక్తమోడుతున్న కుక్క, కింద ఐదు ఫోన్ నంబర్లు. చదివినవాడు ఏం చెయ్యాలో ఎక్కడా లేదు. పైగా ఆ ఫొటో చూడలేక మడత పెట్టేస్తారు. అదీ ఆదివారం పేపర్లో పెట్టించాం. ఆ రోజు పేపర్ దులిపితే చీరల షోరూముల కాగితాలే నాలుగు రాలతాయి.

రెండోసారి బుధవారం పెట్టించాం, నెల మొదటి వారంలో, జీతాలొచ్చాక. తెల్లవారుజామున నాలుగింటికి ఏజెంట్ దగ్గరికి నేనే వెళ్లి, పేపర్ కుర్రాళ్లతో కలిసి కాగితాలు దూర్చాను. మధ్యలో టీ ఇప్పించాను. ఏ కాగితమూ కాలవలోకి పోలేదు. అందులో రాసింది ఇంతే:

"బుడ్డోడి వెనక కాలికి లారీ తగిలింది. ఆపరేషన్‌కి 9,000 అవుతుంది. 4,200 వచ్చాయి. ఇంకా 4,800 కావాలి. చూడాలనుకుంటే ఆదివారం పదింటికి రండి, దారి ఫోన్లో చెబుతాం."

ఒక జంతువు, ఒక అంకె, ఒక నంబరు. ఫొటోలో కట్టు కట్టిన కాలితో మనవైపే చూస్తున్న బుడ్డోడు. శుక్రవారానికి డబ్బు సరిపోయింది.

వెనకవైపు ఖాళీ వదలొద్దు. మేం కుక్క కరిస్తే ఏం చెయ్యాలో రాశాం: గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగాలి, పసుపూ సున్నం కారం పెట్టకూడదు, ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికెళ్లి టీకా వేయించుకోవాలి. ఆ వెనకవైపు కోసమే కాగితం పారెయ్యకుండా ఫ్రిజ్‌కి అంటించుకున్న ఇళ్లున్నాయి.

సమస్య: పేపర్లో వార్త పడింది, డబ్బు రాలేదు, కుక్కపిల్లలొచ్చాయి

జిల్లా పేజీలో పావు పేజీ వార్త, ఫొటోతో సహా. ఆ రోజంతా గాల్లో తేలాం. మర్నాడు గేటు తీస్తే అరటిపళ్ల అట్టపెట్టె, లోపల తువ్వాలు, తువ్వాలు కింద కళ్లు తెరవని నాలుగు పిల్లలు. వారంలో ఇలాంటివి మూడు.

తప్పు విలేకరిది కాదు. "అనాథ శునకాలకు ఆశ్రయం" అని ఆయన రాసింది మేం చెప్పిన మాటే. చిరునామా మేమిచ్చిందే. మాకేం కావాలో మేమే చెప్పలేదు. చదివినవాళ్లకి అర్థమైందల్లా, వదిలెయ్యడానికి ఊళ్లో ఒక చోటుందని.

జంతువును అకారణంగా వదిలెయ్యడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమే. గేటు మీద బోర్డు కూడా రాయించబోయాం. తీరా చూస్తే మొదటిసారి తప్పుకి జరిమానా 50 రూపాయలకి మించదు! ఆ బోర్డు చూసి యాభై ఇచ్చి మరీ వదిలేస్తారని మానుకున్నాం.

ఇప్పుడు విలేకరికి అరపేజీ మేమే రాసిస్తాం. ఏం చేస్తాం, ఏం తీసుకోం, ఈ నెల ఏం కావాలి, అంతే. చిరునామా ఉండదు, ఫోన్ నంబరే. పిల్లల్ని తెస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే "తీసుకోం" అనం. "పదిహేను రోజులు మీ ఇంట్లో ఉంచండి, పాలెలా పట్టాలో నేనొచ్చి చూపిస్తాను, ఈలోగా పెంచుకునేవాళ్లని వెతుకుదాం" అంటాం. సగం మంది ఆ పిల్లల్ని తామే ఉంచేసుకున్నారు.

వార్తకి రోజు కూడా కుదరాలి. విలేకరికి ఆ రోజుకి తగిన స్థానిక వార్త కావాలి. జనవరి 14 నుంచి 31 వరకు జంతు సంక్షేమ పక్షోత్సవాలు, మొదట్లోనే కనుమ. పశువుల్ని పూజించే రోజున మూడు కాళ్ల ఆవుకి కొమ్ములకి రంగులేసి నిలబెడితే ఫొటోగ్రాఫర్ తనంతట తానే వస్తాడు. సెప్టెంబర్ 28 ప్రపంచ రేబిస్ దినం, ఆ రోజు టీకాల శిబిరం. వారం ముందే చెప్పాలి, ఆ రోజు ఉదయం కాదు.

సమస్య: ఒకసారి ఇచ్చినవాళ్లు మళ్లీ ఇవ్వడం లేదు

ఎక్కువమంది మునిగేది ఇక్కడే. బుడ్డోడికి డబ్బిచ్చిన అరవై మందిలో ఒక్కరికి కూడా ఆపరేషన్ ఏమైందో చెప్పలేదు మేం. మళ్లీ వాళ్ల గుమ్మం తొక్కింది ఇంకో కుక్కకి దెబ్బ తగిలినప్పుడే. అప్పుచేసిన బంధువు మొహం చూసినట్టు చూశారు.

ఇప్పుడు డబ్బు ముట్టిన నెలలోపు అర్ధరూపాయి పోస్టుకార్డు వెళ్తుంది, చేతిరాతతో: "బుడ్డోడు ఇప్పుడు నాలుగు కాళ్ల మీదా నడుస్తున్నాడు. నిన్న మా చెప్పు కొరికేశాడు." అందులో డబ్బు ఊసుండదు. ఈ కాలంలో పోస్టుకార్డు ఎవరొస్తే వాళ్లకి చూపిస్తారు.

రెండోది తిథులు. గుళ్లో అన్నదానానికి నాన్న పేరున తిథి రాయించడం మన ఇళ్లల్లో కొత్త కాదు. అదే పద్ధతి పట్టుకున్నాం. 365 పేజీల డైరీ, పేజీకో తేదీ. పుట్టినరోజు, పెళ్లిరోజు, సంవత్సరీకం, ఏదైనా సరే. ఒక పూట వంటకి 900. ముందురోజు సాయంత్రం ఫోన్: "రేపు మీ నాన్నగారి రోజండీ, పదకొండింటికి పెడుతున్నాం, వీలైతే రండి." వస్తే వాళ్ల చేత్తోనే వడ్డిస్తారు. బోర్డు మీద సుద్దతో పేరుంటుంది.

రిటైరైన టీచరమ్మ ఒకావిడ భర్త సంవత్సరీకానికి వచ్చారు. స్టూలు మీద కూర్చుని గంగాళంలోకి తొంగిచూశారు. నూకలు, కోడికాళ్లు, చిటికెడు పసుపు.

"ఉప్పెయ్యరా బాబూ?"

"వెయ్యమండీ. ఉల్లిపాయ అసలే వెయ్యం, కుక్కలకి విషం అది."

"నలభయ్యేళ్లు మా వీధి కుక్కకి ఉల్లిపాయ పులుసన్నమే పెట్టానే," అని కాసేపు మాట్లాడలేదు. పై వారం ఆ వీధి నుంచి మూడు తిథులు రాయించారు, ఆవిడే ఇంటింటికీ తిరిగి.

సమస్య: ఆదాయపు పన్నులో మినహాయింపుకి 80జీ రసీదిస్తామన్నా ఎవరూ కదలడం లేదు

కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి ఆ మినహాయింపే లేదు. 2023-24 నుంచి ఏమీ ఎంచుకోకపోతే పడేది అందులోనే. పాత విధానంలో ఉన్నవాళ్లకైనా 2,000 దాటిన నగదుకి వర్తించదు, చెక్కో యూపీఐయో కావాలి. పాంప్లెట్ నెత్తిన 80జీ అని వెయ్యడం మానేసి, అడిగినవాళ్లకే చెప్పండి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు కాబట్టి రసీదు మీద సెక్షన్ నంబరు ఆడిటర్ని అడిగి వేయించుకోండి.

సమస్య: అమెరికాలో ఉన్న మా ఊరబ్బాయి పంపుతానంటున్నాడు, బ్యాంకు వద్దంటోంది

అతని పాస్‌పోర్టు ఏ దేశందో అడగండి. భారత పాస్‌పోర్టే అయితే, సొంత సంపాదన మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరుడైతే, భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే, విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. దానికి సంస్థకి మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో 15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి, డబ్బు ఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలోనే పడాలి. మనలాంటి షెడ్డుకి దూరపు మాట. వాళ్ల బావమరిది ఖాతాలో వేయించుకుని తెచ్చుకుందామనే తెలివి మాత్రం వద్దు. డబ్బు బదులు, ఊళ్లో ఉన్న పదో తరగతి స్నేహితుల నంబర్లు అడగండి. మాకలా ఒక పప్పుల మిల్లాయన దొరికాడు.

సమస్య: "కుక్కలా? ముందు వాటిని ఊళ్లోంచి తీసుకుపొండి" అంటున్నారు

ఆ మాటన్నాయన పిల్లాణ్ని కుక్క కరిచి ఉండొచ్చు. వాదించొద్దు. అలాంటిచోట మేం ప్రేమ, జాలి అనే మాటలే ఎత్తం. "మీ వీధిలో పద్నాలుగు కుక్కలున్నాయి. పదకొండింటికి రేబిస్ టీకా వేయించాం, మిగతా మూడూ దొరకలేదు, పట్టుకోడానికి మీ సాయం కావాలి" అంటాం. కాగితం మీద ప్రతి కుక్క రంగూ గుర్తూ రాసి చూపిస్తాం. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, టీకా అయ్యాక పట్టుకున్నచోటే వదలాలనీ, చెవి కొస కత్తిరించి ఉంటే ఆపరేషన్ అయినట్టనీ చెబుతాం. డబ్బు మాత్రం ఆ రోజు అడగం.

సమస్య: వస్తువులిస్తామంటారు, పనికిరానివి తెస్తారు

పెళ్లి భోజనాల్లో మిగిలిన బిర్యానీ, చిరిగిన పట్టుచీరలు, డేట్ అయిపోయిన సిరప్పులు. మొహమాటానికి తీసుకుని రాత్రిపూట పారబోసేవాళ్లం. ఇప్పుడు గేటుకి పలక వేలాడుతుంది: నూకలు, గోనెసంచులు, పాత దుప్పట్లు, ఫినాయిల్. అయిపోయినదాని కింద గీత గీస్తాం. పాత న్యూస్‌పేపర్లు మాత్రం ఎప్పుడూ పలక మీద ఉంటాయి. కుక్కపిల్లలున్న గదిలో రోజుకి రెండు కట్టలు పడతాయి, మా వార్త వచ్చిన పేపరు కూడా అందులోకే పోయింది.