నిర్మాణానికీ రోడ్డుకూ వాడే సామగ్రి పర్యావరణ భారాన్ని అంచనా వేసి ఎంచుకునే విధానం

సామగ్రిని కిలోకు కిలో పోల్చి తీర్పు చెప్పడం సరికాదు. అలా చూస్తే కాంక్రీటు కంటే ఉక్కు ఎన్నో రెట్లు ఎక్కువ కార్బన్ డయాక్సైడుకు కారణమైనట్టు కనిపిస్తుంది. కానీ అదే బరువును మోయడానికి ఉక్కు చాలా తక్కువ పరిమాణంలో సరిపోతుంది. అందువల్ల ఫలానా పొడవు దూలం ఎంత బరువు మోయాలి, కిలోమీటరు రోడ్డు ఎంత రద్దీని ఎన్నేళ్లు తట్టుకోవాలి అన్నది ముందు నిర్ణయించుకుని, మరమ్మతులను కూడా కలిపి, ఆ పనికి అయ్యే మొత్తం భారాన్నే పోల్చాలి. ఉత్పత్తిదారు ఇచ్చే అంకెలు ఫ్యాక్టరీ గేటు వరకేనా, రవాణా, కూల్చివేతలు కూడా అందులో ఉన్నాయా అన్నది తప్పక అడగాలి. ఆ వివరం లేకుండా సంచి మీద ముద్రించిన ఆకుపచ్చ గుర్తుకు పెద్ద విలువ లేదు.

అన్నింటికంటే ఎక్కువ శ్రద్ధ సిమెంటుపై పెట్టాలి. ప్రపంచ కార్బన్ డయాక్సైడు ఉద్గారాలలో దాదాపు 7 నుంచి 8 శాతం సిమెంటు తయారీ నుంచే వస్తున్నాయి. సున్నపురాయిని ఇతర ముడిపదార్థాలతో కలిపి సుమారు 1450 డిగ్రీల సెల్సియస్ వద్ద కాల్చి క్లింకర్ (పొడి చేస్తే సిమెంటు అయ్యే గడ్డలు) తయారుచేసేటప్పుడు ఆ రాయే కార్బన్ డయాక్సైడును వదులుతుంది కనుక, కొలిమిలో ఇంధనాన్ని మార్చినంత మాత్రాన సగానికి పైగా ఉద్గారాలు ఆగవు. కాబట్టి క్లింకర్ వాడకాన్నే తగ్గించాలి. మొదట, డిజైనుకు అవసరమైన దానికంటే ఎక్కువ గ్రేడు కాంక్రీటు కోరకూడదు. తరువాత, ఫ్లై యాష్ (బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిద), స్లాగ్ (ఇనుము తయారీలో మిగిలే చిట్టెం) లేదా కాల్చిన బంకమన్ను కలిపిన సిమెంటును పరిశీలించాలి. ఇవి మెల్లగా బలం పుంజుకుంటాయి. అందుకే సెంట్రింగు తొందరపడి విప్పకుండా, క్యూరింగ్ (కాంక్రీటును తడిగా ఉంచే) రోజులు పెంచి, డిజైన్ ఇంజినీరు అంగీకరిస్తే 28 రోజుల బలానికి బదులు 56 రోజుల బలాన్ని ప్రమాణంగా తీసుకోవాలి. క్యూరింగ్ సరిగా జరగని చోట ఈ సిమెంటు వల్ల మేలు కంటే కీడే ఎక్కువ.

ఉక్కు విషయంలో తుక్కును విద్యుత్ కొలిమిలో కరిగించి చేసిన చువ్వలను ఎంచుకుంటే చాలావరకు భారం తగ్గుతుంది. కంకర తయారీకి పట్టే శక్తి తక్కువే గానీ, లారీ దూరం పెరిగేకొద్దీ ఆ లాభం కరిగిపోతుంది. పాత కాంక్రీటును పగలగొట్టి తీసిన కంకర నీటిని ఎక్కువగా పీల్చుకుంటుంది కనుక ముందుగా తడిపి వాడాలి. రోడ్డు అడుగు పొరలకు అది బాగా పనికొస్తుంది.

తారు రోడ్డు మిశ్రమంలో తారు బరువు దాదాపు 5 శాతమే, మిగిలినదంతా రాయి, పొడి. మిశ్రమాన్ని మామూలుగా 150 డిగ్రీలు, అంతకు పైగా వేడిచేస్తారు. వార్మ్ మిక్స్ పద్ధతిలో 20 నుంచి 40 డిగ్రీలు తగ్గించవచ్చు, ఇంధనంతో పాటు పొగ కూడా తగ్గుతుంది. గీకి తీసిన పాత పొరను తిరిగి కలపవచ్చు గానీ, అందులోని తారు ఏళ్ల తరబడి గాలి తగిలి గట్టిపడి ఉంటుంది. ఆ పాత పొర వాటా పెరిగేకొద్దీ మెత్తటి గ్రేడు కొత్త తారు వాడకపోతే రోడ్డు త్వరగా పగుళ్లిస్తుంది.

ఏ మిశ్రమం ఖరారు చేసినా, ఆర్డరు ఇచ్చే ముందు రోడ్డు వాలునూ పక్క కాలువలనూ తనిఖీ చేయాలి. అడుగు పొరల్లో నీరు నిలిస్తే పై పొరను పదేపదే వేయవలసి వస్తుంది, అప్పుడు ముందు వేసిన లెక్కలేవీ నిలబడవు.