రాణి కనబడకపోయినా సరే, గుడ్లు కనబడితే చాలు

కొత్తగా తేనెటీగలు పెంచేవాళ్లు పెట్టె తెరిచిన ప్రతిసారీ రాణి ఈగ కోసమే వెతుకుతారు. దొరక్కపోతే కంగారుపడి ఫ్రేములన్నీ (ఈగలు మైనపు పట్టు కట్టే చట్రాలు) పైకి తీస్తారు. అంత అవసరం లేదు. పట్టులోని చిన్న మైనపు గదికి, అంటే అరకి, అడుగుభాగంలో గుడ్డు నిటారుగా నిలబడి ఉందంటే గడిచిన ఒకరోజులో రాణి అక్కడ తిరిగినట్టే.

ఎండ మీ వెనక నుంచి భుజం మీదుగా పడేలా నిలబడి, మధ్య ఫ్రేమును పెట్టె మీదే పట్టుకోండి. రాణి జారినా లోపలే పడుతుంది. వెలుగు అర లోపలిదాకా దిగేలా కాస్త వంచండి. గుడ్డు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్ల పొడవుంటుంది, తెల్లటి సన్న నూకలాగా. మొదటి రోజు నిటారుగా ఉంటుంది, రెండో రోజు వాలుతుంది, మూడో రోజు అడుగున పడుకుంటుంది. ఆ తర్వాత పురుగు బయటికొస్తుంది. కొత్త తెల్ల మైనం మీద గుడ్డు తేలిగ్గా కంటికి ఆనదు. ముదురు రంగుకు తిరిగిన పాత పట్టులో చూడటం నేర్చుకోండి.

రాణి పట్టు మధ్యలో మొదలుపెట్టి చుట్లు చుట్లుగా బయటికి గుడ్లు పెడుతూ పోతుంది. అందుకే మంచి ఫ్రేములో మైనం మూతపడ్డ అరల్లోని పిల్లలు, పురుగులు, గుడ్లు వలయాలుగా కనబడతాయి. వాటి చుట్టూ పుప్పొడి, పైన తేనె. ముందుకాళ్లతో అర వెడల్పు కొలిచి, చిన్న అరలో ఫలదీకరించిన గుడ్డు, పెద్ద అరలో ఫలదీకరించని గుడ్డు పెడుతుంది. మొదటిది కూలి ఈగ (పనులు చేసే ఆడ ఈగ) అవుతుంది, రెండోది పోతుటీగ (మగ ఈగ). పెట్టెల్లో పెంచే విదేశీ జాతి ఇటాలియన్ ఈగల్లో గుడ్డు పెట్టిన 21 రోజులకు కూలి ఈగ, 24కి పోతుటీగ, 16కి రాణి బయటికొస్తాయి. మంచి పూత కాలంలో ఇటాలియన్ రాణి రోజుకు 1500 నుంచి 2000 గుడ్లు పెట్టగలదు. మన పుట్ట తేనెటీగ రాణి అన్ని పెట్టదు. దాన్ని ఇటాలియన్ రాణితో పోల్చి నిరాశపడకండి.

కొత్త రాణి విషయంలో అసలు కావలసింది ఓపిక. బయటికొచ్చాక వారం అటూఇటూగా ఎగిరి వెళ్లి పోతుటీగలతో జతకడుతుంది, మరో రెండు మూడు రోజులకు గుడ్లు మొదలుపెడుతుంది. రెండు వారాలు పెట్టె కదపకండి. మొదట్లో ఒక అరలో రెండేసి గుడ్లు పెట్టినా కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. మూడు వారాలైనా గుడ్లు లేకపోతే అనుమానించాలి. అదే జాతి ఈగలున్న మరో పెట్టె నుంచి గుడ్లు, లేత పురుగులు ఉన్న ఫ్రేము ఒకటి తెచ్చి పెట్టండి. మూడు నాలుగు రోజుల్లో దాని మీద రాణి అరలు (కొత్త రాణిని పెంచే అరలు) కడితే, లోపల రాణి లేదు.

ఒక్కో అరలో రెండు మూడు, లేదా అంతకన్నా ఎక్కువ గుడ్లుండి, అవీ అడుగున కాక గోడలకు అంటుకుని ఉంటే కూలి ఈగలే పెడుతున్నాయి. వాటి పొట్ట చిన్నది, అడుగుదాకా అందదు. ఆ గుడ్ల నుంచి పోతుటీగలే వస్తాయి, చిన్న అరల మీద మూతలు బుడిపెల్లా ఉబ్బుతాయి. పుట్ట తేనెటీగల్లో ఇది త్వరగా ముదురుతుంది. అలాంటి పెట్టెకు కొత్త రాణినిస్తే చాలాసార్లు చంపేస్తాయి. బలమైన పెట్టెతో కలిపేయడమే మేలు.

గుడ్లు తగ్గిన ప్రతిసారీ తప్పు రాణిది కాదు. పిల్లల గది (పెట్టెలో రాణి గుడ్లు పెట్టే భాగం) అరలన్నీ తేనెతో నిండితే ఆమెకు చోటుండదు, ఈగలు గుంపు విడిపోయే ఏర్పాట్లలో పడతాయి. ఒక ఖాళీ పట్టును పిల్లల ఫ్రేముల పక్కన పెట్టండి. పిల్లలున్న ఫ్రేముల మధ్యలో దూరిస్తే వేడి చెదురుతుంది, వాటికి 33 నుంచి 36 డిగ్రీలు కావాలి. పుప్పొడి రాకపోయినా గుడ్లు తగ్గుతాయి.

ఈరోజు పెట్టిన గుడ్డు పూలకు ఎగిరే ఈగ కావడానికి దాదాపు ఆరు వారాలు. అరకు లోయలో నవంబరు వలిసె పూతను అందుకోవాలంటే సెప్టెంబరు నెలాఖరుకే రాణి జోరందుకోవాలి. పంచదార, నీళ్లు సమానంగా తూచి కలిపిన పాకం, పావు లీటరు చొప్పున సాయంత్రాలు పెట్టెలోపలే ఇవ్వండి. పగలు బయట పెడితే పక్క పెట్టెల ఈగలు దోపిడీకి వస్తాయి. పూత మొదలవగానే పాకం ఆపేయండి, లేకపోతే అది తేనెలో కలుస్తుంది.