చేపల చెరువులో ప్రోబయోటిక్ ఎలా వాడాలి?

కైకలూరు, ఆకివీడు వైపు చెరువుల మీద ఇప్పటికీ ఇదే చూస్తున్నాను. తెల్లవారేసరికి చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే, రైతు కంగారుపడి ప్రోబయోటిక్ (చెరువుకి మేలు చేసే బ్యాక్టీరియా మందు) కలిపేస్తాడు. దయచేసి ఆ పని చేయకండి. మిగిలిన మేతనీ, చేపల రెట్టనీ కుళ్లనీయకుండా తినేసే బాసిల్లస్ బ్యాక్టీరియాకి కూడా ఆక్సిజన్ కావాలి. చేపకే గాలి ఆడని పూట దాన్ని వదిలితే ఉన్న కాస్తా లాగేసుకుంటుంది.

ముందు కల్చర్, అంటే చెరువులో వదిలే ముందు బ్యాక్టీరియాని డ్రమ్ములో పెంచుకోవడం. 200 లీటర్ల డ్రమ్ములో 150 లీటర్ల నీళ్లు, 5 కిలోల నల్లబెల్లం, ప్యాకెట్ మీద రాసినంత బాసిల్లస్ పొడి. బెల్లమే, పంచదార వద్దు. నీళ్లకి బ్లీచింగ్ తగిలి ఉండకూడదు. నీడలో పెట్టి ఒక రోజంతా గాలి పంపు ఆడించండి. కుళ్లు వాసన వస్తే పారబోయండి.

కొందరు పొడిని ఇసుకలో కలిపి చల్లేస్తారు. నేను ఒప్పుకోను. ప్యాకెట్‌లో బ్యాక్టీరియా నిద్రలో ఉంటుంది, దాన్ని డ్రమ్ములోనే లేపి, పెంచి వదలాలి. నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్ రకాలను మాత్రం బెల్లంలో వేయొద్దు. వాటి తిండి అమ్మోనియా, నైట్రైట్. అవి నేరుగా చెరువులోకే.

ఇక అసలు జాగ్రత్తంతా వదిలే పూటలో ఉంది. రాత్రంతా చేపలూ, ప్లాంక్టనూ (నీళ్లలో తేలే కంటికి కనపడనంత చిన్న నాచు, జీవులు) పీల్చుకోవడంతో తెల్లవారుజామున డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోతుంది. ఎండ వచ్చాక అదే ప్లాంక్టన్ మళ్లీ ఆక్సిజన్ తయారుచేస్తుంది. కాబట్టి 9 గంటలు దాటాక డీవో చూడండి. 5 పీపీఎం (లీటరుకి 5 మిల్లీగ్రాములు) ఉంటేనే వదలండి. ఏరియేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలు) ఉంటే ఆ పగలే కాదు, రాత్రి కూడా ఆడాలి. మబ్బు పట్టిందా, ఆ రోజుకి మానేయండి. బెల్లం పోతే పోయింది, టెన్షన్ పడొద్దు.

అయోడిన్, బీకేసీ (బెంజాల్కోనియం క్లోరైడ్), పర్మాంగనేట్ లాంటి క్రిములను చంపే శానిటైజర్లు కొట్టి ఉంటే కనీసం 4 రోజులు ఆగాలి. పొద్దున శానిటైజర్, సాయంత్రం ప్రోబయోటిక్ వేసి "కంపెనీ మోసం" అనేవాళ్లని చాలామందిని చూశాను. చంపే మందు నీళ్లలో ఉండగానే ప్రాణమున్నదాన్ని వదిలితే బతుకుతుందా? సున్నం వేసిన రోజు కూడా వద్దు. పీహెచ్ పెరిగితే ఉన్న అమ్మోనియాయే ఎక్కువ విషమవుతుంది, ఆ రోజు చూసుకోవాల్సింది దాన్ని.

కల్చర్‌ని గట్టు మీద ఒకేచోట కుమ్మరించకుండా పడవ మీద తిరిగి చల్లండి. మేత సంచులు కట్టిన కర్రల దగ్గర ఎక్కువ పోయండి, మేత రాలి పేరుకునేది అక్కడే. 10 రోజులయ్యాక ఆ కర్రల కింద నుంచి గుప్పెడు బురద తీసి చూడండి. ఇంకా నల్లగా, కుళ్లిన గుడ్డు వాసనతో ఉంటే రెండో డ్రమ్ము కలపడానికి ముందు మేత తగ్గించండి.