టైరు మీద చెయ్యి పెట్టి చూడండి, సమస్య అదే చెబుతుంది

రెండు అంచులూ అరిగాయి, మధ్యలో మాత్రం గీతలు బాగానే ఉన్నాయి.
గాలి తక్కువతో నడిపారు. అదే మధ్యలో మాత్రమే అరిగితే గాలి ఎక్కువైందని. బంకులో "ఎంత కొట్టమంటారు సార్?" అని అడిగితే "నువ్వే చూసి కొట్టు" అనకండి. మీ కారుకు ఎంత ఉండాలో స్టిక్కర్ మీద రాసి ఉంటుంది, చాలా కార్లలో అది డ్రైవర్ డోర్ తీస్తే కనిపిస్తుంది. ఫుల్ లోడుకు వేరే అంకె ఉంటుంది, ఊరెళ్లేటప్పుడు అది చూసుకోవాలి.

ఒక్క అంచే అరుగుతోంది, బండి పక్కకు లాగుతోంది.
మొదట, ముందు వైపు రెండు టైర్లలో గాలి సమానంగా ఉందో లేదో చూడండి. ఉంటే, అరచేతిని టైరు మీద అడ్డంగా లోపలి నుంచి బయటికి ఒకసారి, బయటి నుంచి లోపలికి ఒకసారి నిమరండి. ఒకవైపు నున్నగా వెళ్లి, తిరుగు దారిలో రంపం పళ్లలా గుచ్చుకుంటే అలైన్‌మెంట్, అంటే చక్రాలు నిలబడాల్సిన కోణం, పోయినట్టే. చేయించకుండా కొత్త టైరు వేస్తే అదీ అలాగే అరుగుతుంది. డబ్బు దండగ.

80 దాటితే స్టీరింగ్ వణుకుతోంది.
బ్యాలెన్సింగ్ పోయింది, అంటే చక్రం చుట్టూ బరువు సమానంగా లేదు. వానాకాలంలో అయితే షాపుకు వెళ్లే ముందు చక్రాల లోపలి వైపు కడగండి. రిమ్ముకు ఎండిన బురద పట్టినా ఇదే వణుకు వస్తుంది, అది నీళ్లతో పోయే జబ్బు.

వారానికోసారి ఒకే టైరులో నాలుగైదు పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గుతోంది.
సబ్బు నీళ్లు మొదట వాల్వ్ మీద పోయండి, తర్వాత టైరు మీద, చివరికి రిమ్ము అంచున. బుడగలు వచ్చిన చోటే లీకు. మేకు మధ్యలో గుచ్చుకుంటే పంక్చర్ వేయించొచ్చు. టైరు పక్క గోడకు పడితే, ఎవరెంత నమ్మకంగా చెప్పినా వేయించకండి.

పక్కన బుడిపె వచ్చింది.
గుంతలో పడ్డప్పుడు లోపలి దారాలు తెగాయి. రిపేరు లేదు. స్టెప్నీ వేసుకుని, నెమ్మదిగా వెళ్లి టైరు మార్చండి.

ఎండలో గాలి పెరిగిపోయింది.
మే నెలలో హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ సూర్యాపేటలో టీకి ఆగి చూస్తే, పొద్దున 33 ఉన్నది 37 చూపిస్తుంది. టెన్షన్ పడి గాలి తీసేస్తారు కొందరు. తప్పు. వేడికి అంత పెరగడం మామూలే. అక్కడ తీసేస్తే టైరు చల్లారాక తక్కువవుతుంది. తక్కువ గాలితో టైరు ఎక్కువ వంగి, ఇంకా వేడెక్కి పేలే ప్రమాదం ఉంది. మర్నాడు పొద్దున, బండి తీయకముందు చూసుకోండి.

గీతలు బాగున్నాయి, పక్కన పగుళ్లున్నాయి.
వయసు. టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరుస చివరి నాలుగంకెలు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. తక్కువ తిరిగే కార్లలో టైరు అరగకముందే ముసలిదవుతుంది. గీతల లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగినా మార్చాల్సిందే, ఆ గీతల లోపలుండే చిన్న గట్లు టైరు పైభాగంతో సమానమయ్యాయంటే అదే గుర్తు.

స్టెప్నీ తేదీ కూడా చూడండి, గాలి కూడా. ఓసారి రాత్రి పంక్చరై నాది దించితే అందులో 12 ఉంది.